మొదటి పేరు చెరిపిన సోమయాజులు

సోమయాజులు భార్యకి భయపడతాడని తార్నాకలో ఎవరైనా అంటే అది అబద్ధం. అతను భార్యకి భయపడడు, ఆవిడ అడగబోయే తర్వాతి ప్రశ్నకి భయపడతాడు. ఆ తేడా తెలియాలంటే అరుంధతి ఉద్యోగం తెలియాలి. ఆవిడ యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటు. కాపీ కొట్టి దొరికిన వాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టి, గొంతు పెంచకుండా రెండు ప్రశ్నలు వేసి, మూడోది పడకముందే ఒప్పుకోలు కాగితం రాయించుకోవడం ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని. ఇంట్లో అంత శ్రమ కూడా ఉండదు. సోమయాజులు మొదటి ప్రశ్నకే సగం రాసిచ్చేస్తాడు.

అతను అదే క్యాంపస్‌లో లైబ్రరీ ఉద్యోగి. మనిషి మంచివాడే గానీ ఒక పిచ్చి ఉంది. లోకం మరిచిపోయిన వీడియో గేమ్ మిషన్లంటే అతనికి ప్రాణం. పేరున్నవీ, కోట్ల మంది కొన్నవీ అక్కర్లేదు. ఆరు నెలలకే మూతబడ్డ కంపెనీ, రెండు ఆటలతో ఆగిపోయిన మిషను, అమ్మినవాడికే పేరు గుర్తులేని పెట్టె, ఇలాంటిది కనబడితే చాలు, దగ్గరి చుట్టం దొరికినట్టు కరిగిపోతాడు.

అలాంటి మిషన్ల ఆటల్ని చిప్పులోంచి కాపీ తీసి, లాప్‌టాప్‌లో ఎమ్యులేటర్ మీద ఆడుకుంటారు. ఎమ్యులేటర్ అంటే లాప్‌టాపే ఆ పాత మిషనులా నటించే ప్రోగ్రామన్నమాట. ఈ పని మీదే బతికే పిచ్చివాళ్ళ సంఘం ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. దేశదేశాల్లో కలిపి నూట పన్నెండు మంది సభ్యులు. ఎవరూ చూడని ఆటని మొదట బయటపెట్టినవాడికి అక్కడ పెళ్ళికొడుకు మర్యాదలు జరుగుతాయి. తొమ్మిదేళ్ళుగా సభ్యుడైన సోమయాజులుకి ఆ భాగ్యం ఒక్కసారీ కలగలేదు.

అలాంటివాడి ఇంటికే గగన్ వచ్చింది.

గగన్ టెలిగేమ్ అనేది ముప్ఫై ఏళ్ళ కిందట ముషీరాబాద్‌లో ఒక షెడ్డులో ఇద్దరు అన్నదమ్ములు బిగించి అమ్మిన మిషను. ఏడాది తిరక్కుండా షెడ్డుకి తాళం పడింది. దానికి ఉన్నది ఒక్కటే క్యాసెట్టు, అందులో ఉన్నది ఒక్కటే ఆట, ‘చిలకల తోట’. చిలకలు మామిడికాయలు కొడుతుంటే మనం తోలాలి, అంతే. అడిక్‌మెట్‌లో ఉన్న రోజుల్లో అరుంధతి నాన్నగారు కొనిచ్చారు. ఆవిడా, తమ్ముడు శశిభూషణూ దానికోసం జుట్లు పట్టుకుంటే ఆయన తీర్పు చెప్పారు. స్కోరు పట్టీలో ఎవరి పేరు పైన ఉంటే మిషను వాళ్ళది. ఆయన పోయి పదేళ్ళయినా తీర్పు మాత్రం చెక్కుచెదరలేదు.

పోయిన నెల అరుంధతి తల్లి వేదవతమ్మ అడిక్‌మెట్ అద్దె ఇల్లు ఖాళీ చేసి, అంబర్‌పేట్‌లో కొడుకు దగ్గరికి మారింది. అటక మీంచి గగన్ దిగింది. “నా పేరే పైన” అన్నాడు శశిభూషణ్. “నాదే” అంది అరుంధతి. పాత వైర్లు కొత్త టీవీకి పట్టలేదు. సోమయాజులు దగ్గర అలాంటి వాటికి తగిలించే పెట్టె ఉంది కాబట్టి, ఆదివారం తార్నాకలో అందరి ముందూ చూద్దామని ఒప్పందం కుదిరింది. అప్పటిదాకా మిషను అరుంధతి బీరువా మీద ఉంటుంది, ఎవరూ ముట్టుకోకూడదు.

“ఎవరూ అంటే?” అన్నాడు సోమయాజులు.

“ఈ ఇంట్లో ఉండేది ఇద్దరం. నేను ముట్టుకోను” అంది అరుంధతి.

ఆదివారం మిషను అంబర్‌పేట్ వెళ్ళిపోతే ఏం గతి అని సోమయాజులుకి నిద్ర కరువైంది. బుధవారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళగానే గగన్‌ని కూరల సంచిలో పెట్టి స్కూటరు దగ్గర ఉంచాడు. భోజనాల వేళ కాపీ తీసి సాయంత్రానికి మళ్ళీ బీరువా ఎక్కించేస్తే కాకికి కూడా తెలియదనుకున్నాడు. ఆఫీసుకి బయల్దేరబోతుంటే అరుంధతి వచ్చి వెనక కూర్చుంది.

“మా ఆటో మనిషి రాలేదు. నన్ను ఆఫీసు దగ్గర దింపండి. ఆ సంచిలో ఏమిటి?”

“కాకరకాయలు. మా కమలాకర్‌కి షుగరు.”

“అయ్యో, పాపం” అంది ఆవిడ. తార్నాక నుంచి పరీక్షల విభాగం దాకా ప్రతి గతుకు దగ్గరా సంచిలోంచి టకటకమని చప్పుడొస్తూనే ఉంది. కాకరకాయలు అలా మోగవని సోమయాజులుకి తెలుసు. తెలిసే, ఆ చప్పుడు వినబడకుండా దారంతా హారను కొడుతూ పోయాడు.

కమలాకర్ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో అసిస్టెంటు. ఏ షుగరూ లేదు, రోజుకి ఆరు చాయ్‌లు తాగుతాడు. క్యాసెట్టు విప్పి, చిప్పుకి తీగలు తగిలించి, అరగంటలో ఆటని లాప్‌టాప్‌లోకి లాగేశాడు. ఎమ్యులేటర్‌లో చిలకలు రెక్కలు కొట్టుకుంటూ ఎగిరాయి. సోమయాజులు గుండె కూడా వాటితోపాటే ఎగిరింది. కమలాకర్ చాయ్‌కని బయటికి వెళ్ళాడు.

అప్పుడు చూశాడు సోమయాజులు, క్యాసెట్టు బోర్డు మీద చేతి గడియారంలో ఉండేలాంటి గుండ్రటి సెల్లు, దాని చుట్టూ పచ్చటి చిలుము. ఇంకో ఏడాదికి అది కారి బోర్డునంతా తినేస్తుంది. పాత మిషన్ల మీద ప్రేమ ఉన్నవాడెవడూ చూస్తూ ఊరుకోలేడు. ప్రేమగానే టంకం కడ్డీ తీసుకుని ప్రేమగానే ఆ సెల్లుని ఊడబెరికాడు.

కమలాకర్ రెండు కప్పులతో వచ్చి గుమ్మంలోనే ఆగాడు. “ఏంది సార్ గిది? సెల్లు తీసిన్రా?”

“కారుతోంది. బోర్డు పాడవుతుందని తీశాను.”

“స్కోర్లుండేది గా సెల్లు మీదనే గద సార్. అది తీస్తే అన్నీ పోతయ్.”

“ఆట కాపీ తీశాం కదా.”

“ఆట తీసినం. స్కోర్ల మెమరీ తీసిన్రా మీరు?”

క్యాసెట్టు మిషనులో పెట్టి ల్యాబులోని టీవీకి తగిలించారు. పట్టీలో ఐదు వరసలు, ఐదింటిలోనూ గీతలూ సున్నాలూ. ముప్ఫై ఏళ్ళు బతికిన పేర్లు అతని చేతిలో పోయాయి. అరుంధతి నాన్న పేరు కూడా అందులోనే ఉండి ఉండాలి.

“పైన ఎవరి పేరుండె సార్?”

“మా ఆవిడదట.”

“అట అంటే? మీరు చూడలేదా?”

చూడలేదు. కాపీ తీసే తొందరలో మిషనుని ఒక్కసారి వెలిగించి చూద్దామన్న ఆలోచనే రాలేదు. కమలాకర్ జాలిగా చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “పరేషాన్ గాకున్రి. కొత్త సెల్లు పెడదం. లాప్‌టాప్‌ల పేర్లు నింపి, గా మెమరీని మల్ల క్యాసెట్ల రాద్దం. అంకెలు మాత్రం పక్కా కావాలె. ఒక్కటి తప్పినా మేడం పట్టేస్తది.”

గగన్ ల్యాబులోనే ఉండిపోయింది. ఆ రాత్రి వంటింట్లో అరుంధతి బెండకాయలు తరుగుతోంది. సోమయాజులు గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

“అరుంధతీ, మామూలుగా అడుగుతున్నా.”

“మామూలుగా అడిగేవాళ్ళు అలా మొదలుపెట్టరు.”

“చిలకల తోటలో నీ స్కోరు ఎంతో గుర్తుందా?”

కత్తి ఆగింది. ఆవిడ తలెత్తి చూసింది. “ఎందుకు?”

ఇది మొదటి ప్రశ్న. “ఆదివారం మీ తమ్ముడు వాదనకి దిగితే నీ పక్షాన నేను మాట్లాడాలి కదా.”

“పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది. మావాళ్ళ ముందు నా పక్షాన ఎప్పుడైనా మాట్లాడారా?”

ఇది రెండోది. సోమయాజులు నోరు తెరిచాడు. ల్యాబు, సెల్లు, కాకరకాయలు అన్నీ నాలుక చివరికి వచ్చి నిలబడ్డాయి. కానీ మూడో ప్రశ్న రాలేదు. ఆవిడ మళ్ళీ బెండకాయ అందుకుంది.

“నలభై ఎనిమిది వేల ఆరు వందల యాభై. మొదటిది నాదే. రెండోది శశిది, ముప్ఫై ఒక్క వేల రెండు వందలు. మూడోది మళ్ళీ నాది, ఇరవై తొమ్మిది వేలు. నాలుగోది నాన్నది, తొమ్మిది వందలు. ఆయనకి చిలకల్ని తోలడం మనస్కరించేది కాదు. ఐదోది ఖాళీ. రాసుకుంటారా?”

“ఎందుకూ, గుర్తుంటుంది” అని స్నానాల గదిలోకి వెళ్ళి అరచేతి మీద గబగబా రాసుకున్నాడు.

గురువారం కమలాకర్ ఆ అంకెలన్నీ లాప్‌టాప్‌లో నింపి, కొత్త సెల్లు అతికించి, క్యాసెట్టులోకి ఎక్కించాడు. టీవీలో మొదటి వరసలో ఆవిడ పేరులోని మూడు ఇంగ్లీషు అక్షరాలు మెరిశాయి. సాయంత్రం సోమయాజులు ఆవిడకంటే ముందే ఇల్లు చేరి, బీరువా మీద దుమ్ములో పడిన నాలుగు పలకల గుర్తులోనే పెట్టెని ఆనించాడు.

శుక్రవారం కమలాకర్ ఫోను. “సార్, మేడం కలిసింది క్యాంటీన్ కాడ. నా షుగర్ ఎట్లున్నదని అడిగింది. నాకు షుగర్ ఎప్పటిసంది సార్?”

“నువ్వేమన్నావు?”

“ఏమంట? చేతిల జిలేబీ ఉండె. తినకుండ పారేసిన.”

శనివారమంతా అరుంధతి మామూలుగానే ఉంది. నవ్వింది కూడా. ఆ నవ్వు చూసిన దగ్గరనుంచీ సోమయాజులు బీరువా ఉన్న గదిలోకి పోవడమే మానేశాడు.

ఆదివారం శశిభూషణ్ తల్లిని తీసుకుని వచ్చాడు. మిషను పెట్టుకోవడానికి ఇంట్లో గూడు కూడా ఖాళీ చేశానని చెప్పాడు. పెసరట్లు అయ్యేలోగా చూసేద్దామన్నాడు. సోమయాజులు వైర్లు తగిలించాడు. తెర వెలిగింది. మొదటి వరస అరుంధతి, నలభై ఎనిమిది వేల ఆరు వందల యాభై.

శశిభూషణ్ టీవీకి జానెడు దూరంలోకి వెళ్ళి చూశాడు. “ముప్ఫై ఒక్క వేల రెండు వందలు, అది నాదే. కానీ అది పైన ఉండేదక్కా.”

“ఉండేది. తర్వాత నేను దాటాను.”

“ఎప్పుడు?”

“నువ్వు టెన్త్ సెలవులకి పిన్ని వాళ్ళింటికి వెళ్ళినప్పుడు.”

అతను తల గోక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా ఇటు తిరిగాడు. “బావగారూ, మిషన్ల సంగతి మీకే తెలియాలి. ఇలాంటివాటిలో అంకెలు వాటంతట అవి మారే అవకాశం ఉంటుందా?”

గదిలో మూడు జతల కళ్ళు సోమయాజులు మీదికి వచ్చాయి. మాట వచ్చింది, ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. “వాటంతట అవి మారవు శశీ. పాత మిషను, దానికి అబద్ధాలు చేతకావు.”

“మీరే అన్నాక ఇంకేముంది” అన్నాడు శశిభూషణ్. పెసరట్టు సగం తిని చెయ్యి కడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు గగన్‌ని ఒకసారి అరచేత్తో తుడిచి వెళ్ళాడు. వేదవతమ్మ కొడుకు భుజం మీద చెయ్యేసి మెట్లు దిగింది.

తలుపు వేసి సోమయాజులు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. అది వదిలేలోగా అరుంధతి కుర్చీ చూపించింది.

“కూర్చోండి. ఎప్పుడు చెరిపారు?”

“బుధవారం” అన్నాడు సోమయాజులు, కూర్చోకుండానే. తర్వాత అడిగాడు, “ఎలా తెలిసింది?”

“నా స్కోరు ఎంతని అడిగారు. దాచుకోవడానికి ఏమీ లేనివాడికి ఆదివారం దాకా ఆగితే తెరమీదే కనబడుతుంది కదా. కనబడదని తెలిస్తేనే అడుగుతారు.”

“తెలిసి మరి ఎందుకు ఊరుకున్నావు?”

ఆవిడ టీవీ వైపు చూసింది. “నిజంగా పైన ఉన్నది శశి పేరే. ముప్ఫై ఏళ్ళనుంచీ నాకు తెలుసు. ఆదివారం మిషను పోతుందని వారం రోజులుగా ఏడుస్తూనే ఉన్నాను. బుధవారం మీరొచ్చి ఎంత చెబితే అంత రాయడానికి సిద్ధంగా గుమ్మం దగ్గర నిలబడ్డారు.”

“మరి నలభై ఎనిమిది వేలు?”

“నేనెప్పుడూ ఇరవై తొమ్మిది దాటలేదు. చెప్పేటప్పుడు తక్కువ చెప్పడమెందుకని.”

“ఇది మాల్‌ప్రాక్టీసు కాదా అరుంధతీ?”

“అవును. పేపరు దిద్దిన చెయ్యి మీది. తప్పుడు సాక్ష్యమూ మీదే.”

సోమయాజులు అప్పుడు కూర్చున్నాడు. కాసేపటికి ఉన్న ఒక్క ఆశా బయటికి తీశాడు. “పోనీ ఆ ఆట మా సంఘంలో పెట్టుకుంటాను. మొదట బయటపెట్టింది నేనే అవుతాను.”

“వీల్లేదు. అది బయటికొస్తే శశి కూడా లాప్‌టాప్‌లో సాధన మొదలుపెడతాడు.”

“సాధన ఏమిటి?”

అరుంధతి బల్ల మీద తమ్ముడు వదిలేసిన సగం పెసరట్టు ప్లేటుని చూసింది. “వాడి మొహం చూశారా? నా వల్ల కాదండీ. ఆ ముప్ఫై ఒక్క వేల రెండు వందలూ నిజంగా దాటాలి. దాటిన రోజున ఫోన్ చేసి వాడికి జరిగిందంతా చెప్పేస్తాను.”

“అంతా అంటే?”

“మీరు చెరిపింది, రాసింది, పాత మిషనుకి అబద్ధాలు చేతకావన్నది. అప్పుడు మీ సంఘంలో కూడా పెట్టుకోండి. లాప్‌టాప్ ఇలా తెండి.”

అప్పటినుంచీ తార్నాకలో ఆ ఇంట్లో రోజూ సాయంత్రం అరుంధతి చిలకల్ని తోలుతుంది, సోమయాజులు వంట చేస్తాడు. మొదటి వారం పదకొండు వేలు వచ్చాయి, అతను హాయిగా నిద్రపోయాడు. రెండో వారం పంతొమ్మిది. ఆ స్కోరు పెరిగిన కొద్దీ తన పేరు సంఘంలో మొదట నిలబడే రోజు దగ్గరవుతుంది. అదే రోజు బావమరిది ఎదుట తల దించుకోవాలి. ఏది కోరుకోవాలో తెలియక పోపు మాడుస్తున్నాడు.

నిన్న ఇరవై ఎనిమిది వేల తొమ్మిది వందలు వచ్చాయి. సోమయాజులుకి అన్నం సయించలేదు.