ఎల్మర్ ప్రిచెట్‌కు పసుపు బొట్టు

సిడ్నీలోని ద పాండ్స్, క్వేకర్స్ హిల్ పరిసరాల తెలుగువారికి తెలియజేయునది ఏమనగా, మన పాత బేస్‌బాల్ కార్డుల సంఘం వార్షిక పోటీ దిగ్విజయంగా ముగిసింది. ఎవరి కార్డు గెలిస్తే వారే వచ్చే ఏడాది అధ్యక్షులన్నది నియమం. సంఘంలో బేస్‌బాల్ ఆట చూసినవారు ఇంతవరకూ ఎవరూ లేరు. ఉన్నట్టు తేలితే వారి సభ్యత్వం సంగతి కార్యవర్గం పరిశీలిస్తుంది.

ఈ మహోద్యమానికి మూలపురుషుడు చలపతి. సిడ్నీలో కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు, అతని మేనేజరు గ్రెగ్ బల్ల మీద అమెరికా బేస్‌బాల్ ఆటగాళ్ల ఫొటోలున్న పాత కార్డులు వరసగా నిలబెట్టి ఉండేవి. ఈ దేశంలో పెద్దమనుషులు చేసే పని ఇదే కాబోలనుకుని చలపతి కూడా మొదలెట్టాడు. చలపతిని చూసి ఎదురింటి రామచంద్ర, రామచంద్రను చూసి వీధి వీధంతా. ఇక్కడివాళ్లకు క్రికెట్టూ, ఫుటీ అని పిలుచుకునే వాళ్ల ఫుట్‌బాలూ తప్ప మరో ఆట పట్టదనీ, ఆ గ్రెగ్‌ను సొంత పెళ్లామే పిచ్చివాడంటుందనీ తెలిసేసరికి మన సంఘానికి బ్యానరు, నియమావళి, ఒక చీలిక వర్గం కూడా ఏర్పడిపోయాయి. ఇంత అభివృద్ధి జరిగాక వెనక్కి ఎలా వెళ్తారు చెప్పండి?

చలపతి పంచప్రాణాలూ ఎల్మర్ ప్రిచెట్ కార్డులో ఉన్నాయి. ముందువైపు బ్యాటు భుజాన వేసుకుని నవ్వుతున్న ఎల్మర్, వెనకవైపు అతగాడి ఉద్యోగ చరిత్ర. మోకాలు విరగ్గొట్టుకుని మళ్లీ ఆడాడు, మూడు జట్లు మారాడు, ఆటల్లేని చలికాలంలో సోఫాలు అమ్మాడు. ఈ వివరాలను సభ్యులు పెళ్లి సంబంధం చూసినంత శ్రద్ధగా చదివారు.

"మూడు టీములు మారాడంటే ప్రతిసారీ హైక్ కొట్టే ఉంటాడు బ్రో" అన్నాడు రామచంద్ర.

"సోఫాల మీద సైడ్ ఇన్‌కమ్ కూడానా! పీఆర్ ఉందా?" అన్నారింకొకరు. అమెరికావాడికి అమెరికాలో శాశ్వత నివాసపు పీఆర్ దేనికని ఎవరికీ అనుమానం రాలేదు.

అన్నిటికన్నా గొప్ప విషయం చివరి వరసలో ఉంది. ఎల్మర్ పదిసార్లు బ్యాటు పడితే మూడుసార్లే కొట్టేవాడు. మిగతా ఏడుసార్లూ ఉత్త చేతులతో వెనక్కొచ్చేవాడు. ఆ ఆటలో అది మొనగాళ్ల లెక్క అట! ఏడుసార్లు ఓడినా మళ్లీ వెళ్లి నిలబడిన ఆ గుండెధైర్యానికి చలపతి కళ్లు చెమ్మగిల్లాయి. సరిగ్గా అప్పుడే కూతురు అనన్య లెక్కల పరీక్షలో వందకి డెబ్బై తెచ్చుకుని ఇంటికొచ్చింది. చలపతి ఆ తడికళ్లనే ఎర్రజేసి, "మిగతా ముప్ఫై ఏ గంగలో కలిపావే?" అని అడిగాడు. టీవీ రిమోటు బీరువాలోకి వెళ్లింది.

ఎల్మర్ ధర్మమా అని ఆ అధ్యక్ష కుర్చీ దక్కితే చాలునని చలపతి ఆరాటం. దానికోసం అతను సంఘం బార్బీలనే బార్బెక్యూ విందులన్నిటిలో పొగ మింగుతూ చికెన్ ముక్కలు తిప్పాడు, అధ్యక్షులు కేశవరావు అంకుల్ పాడిన పాటలకు వన్స్‌మోర్ కూడా కొట్టాడు. ఇంతకన్నా ప్రజాసేవ ఏముంటుంది?

పోటీరోజు పొద్దున స్నానం చేసొచ్చి చూస్తే ఎల్మర్‌కు నాలుగు మూలలా తడిపసుపు. నుదురు కనపడక కాబోలు, టోపీ మీద కుంకుమ బొట్టు.

"ఉదయా! ఏమిటే ఈ ఘోరం?" అని కేక పెట్టాడు.

భార్య ఉదయలక్ష్మి వంటింట్లోంచి, "శుభమా అని పోటీకెళ్తూ బోసిగా తీసుకెళ్తారా? కొత్త చొక్కాకి పెట్టమా, కొత్త కారుకి పెట్టలేదా? టైర్ల కింద నిమ్మకాయలు కూడా తొక్కించాం కదండీ!" అంది.

"కారుకి ఎవరే మూలలు చూసేది!" అని చలపతి నెత్తి కొట్టుకున్నాడు. పాత కార్డుల లోకంలో ముందు చూసేది మూలలే మరి.

పోటీ హాల్లో భూతద్దం పట్టుకుని వచ్చిన న్యాయనిర్ణేత గ్లెన్, పాత వస్తువుల వ్యాపారి, కార్డు చూసి నోరు తెరిచాడు. "మేట్, కార్నర్స్ మొత్తం పోయాయి. సారీ, దిస్ వన్స్ డన్" అని పక్కన పెట్టేశాడు. రామచంద్ర కార్డు ప్లాస్టిక్ డబ్బీలో మచ్చలేకుండా మెరుస్తోంది.

అప్పుడు పాత అధ్యక్షులు కేశవరావు అంకుల్ మైకు అందుకున్నారు. "సోదర సోదరీమణులారా! ప్రపంచంలో ఎన్ని కార్డులైనా ఉండొచ్చు. పసుపు కుంకుమలు నోచుకున్న కార్డు ఇదొక్కటే! పసుపు పెడితే విలువ తగ్గుతుందని అనగలిగినవారు ఈ సభలో ఉంటే లేచి నిలబడండి!"

హాల్లో అందరి ఇళ్ల ఆడవాళ్లూ ఉన్నారు. ఏ మగాడు లేస్తాడు? చలపతి గెలిచినట్టు ప్రకటించారు. రామచంద్ర తన కార్డు డబ్బీలోంచి బయటికి తీసి, "అక్కా, కొంచెం పసుపుందా?" అని ఉదయలక్ష్మి దగ్గరికెళ్లాడు. గ్లెన్‌కు పులిహోర పెట్టి పంపించారు.

పూలదండ పడ్డాక చలపతి గొంతు సవరించుకున్నాడు. "ఓటమి పాపం కాదు! పదికి ఏడుసార్లు ఓడినవాడికే మనం దండం పెడుతున్నాం. ఎల్మర్ మనందరికీ ఆదర్శం!" హాలు చప్పట్లతో దద్దరిల్లింది. తల్లులు పమిటచెంగులతో కళ్లొత్తుకున్నారు.

ముందు వరసలో అనన్య చెయ్యెత్తింది. "డాడ్, ఎల్మర్‌కి థర్టీ వస్తే బొట్టు పెట్టారు. ఐ గాట్ సెవెంటీ. మరి రిమోట్ ఎందుకు తీసుకున్నారు?"

చప్పట్లు ఆగిపోయాయి. వెనక వరసల పిల్లలు మాత్రం బల్లలు చరిచారు. తల్లిదండ్రులంతా చలపతి వైపు చూశారు. అనన్యది తప్పంటే ఎల్మర్‌తో పాటు కుర్చీ పోతుంది, ఒప్పంటే ఇంటింటా రిమోట్లు బయటికొస్తాయి.

"అమ్మా, ఎల్మర్ ఎవరో కన్నబిడ్డ. నువ్వు నా కూతురివి!" అన్నాడు చలపతి.

ఆహా, హాలుకి ప్రాణం లేచొచ్చింది! ఇకపై సంఘం సభలకు పిల్లలను అనుమతించరాదని రామచంద్ర తీర్మానం ప్రతిపాదించాడు. చీలిక వర్గం కూడా ఫోనులో మద్దతు తెలిపింది. తెలుగు సంఘాల చరిత్రలో ఏకగ్రీవంగా నెగ్గిన తీర్మానం ఇదొక్కటేనని పెద్దలు చెప్తున్నారు. అధ్యక్షులవారి కుర్చీ క్షేమం.

కాబట్టి ఈ నివేదికను పిల్లలకు వినపడేలా పైకి కాకుండా మనసులోనే చదువుకోవలసిందిగా పాఠకులకు మనవి. మీ ఇంటి రిమోటు ఏ బీరువాలో ఉందో మేమేమీ అడగడం లేదు.