గోల్ఫ్ బండి యాక్సిలరేటర్ వైరు తెంపిందెవరు?

"ఈ భూమ్మీద నేరస్తులు రెండే రకాలు గులాం భాయ్! నాకు దొరికినోళ్లు, నాకింకా ఎదురుపడనోళ్లు!"

ఆత్మారాం ఈ మాటను నా స్కూటర్ వెనక సీటు మీద కూర్చుని, నా చెవిలో అరిచి ప్రకటించాడు. అప్పటికింకా ఏ నేరమూ జరగలేదు. నేను మెకానిక్‌ని. ఓ బండి ఆగిపోయిందని ఫోనొస్తే బాగుచేయడానికి పోతున్నాను. ఆయనకు కంఠేశ్వర్‌లో జిరాక్స్ దుకాణం. దానికి తాళం వేసి నా వెంట ఎందుకు పడ్డాడయ్యా అంటే, జిరాక్స్ తీయించుకోవడానికి వచ్చేవాళ్లలో హంతకులు బొత్తిగా తక్కువట.

అనుభవానికేం, బోలెడుంది. నిరుడు గుడి మెట్ల దగ్గర ఆయన చెప్పులు పోతే మూడు రోజులు పరిశోధించాడు. నాలుగో రోజు అవి ఆయన కాళ్లకే దొరికాయి. "దొంగ ఎంత తెలివిగ నా కాళ్లకే తొడిగిండో చూసినవా?" అన్నాడు. ఆ రోజే ఓ దండం పెట్టి వదిలేయాల్సింది. చిన్నప్పటి దోస్తాయె, ఈ మొహమాటం చావదు.

బోధన్ రోడ్డు మీద రాధాబాయి గారికో ఫంక్షన్ హాలుంది. గేటు నుంచి మండపానికి రెండు ఫర్లాంగుల దూరం. ముసలివాళ్లు నడవలేరని ఆమె హైదరాబాద్‌లో ఎవరో వదిలించుకున్న పాత పెట్రోలు గోల్ఫ్ బండి కొన్నారు. పచ్చిక మీద బంతులు కొట్టే పెద్దమనుషుల్ని మోసిన ఆ బండి ఇప్పుడు పెళ్లిళ్లకొచ్చే అవ్వల్ని మోస్తోంది. దాన్ని నడిపేది వెంకటి. ముప్పై ఏళ్లు చెరకు ట్రాక్టర్లు నడిపి, మోకాళ్లు అరిగాక ఈ మెత్తటి సీటెక్కాడు. రోజూ కడిగి, తుడిచి, ఆ బండిని కంటికి రెప్పలా చూసుకుంటాడు.

మేం పోయేసరికి బండి గేటు దగ్గరే నిలబడి ఉంది, దాని పక్కన రాధాబాయి గారు, వెంకటి. పెడలు తొక్కితే ఇంజను గుడగుడమంటోంది గాని చక్రం కదలడం లేదు. సీటెత్తి ఇంజను వైపు యాక్సిలరేటర్ వైరు కొస పట్టి లాగాను. సగం తీగ చేతికొచ్చింది.

"ఏం లేదమ్మా. వైరు తెగింది. పాత బండి గద. గంటల కొత్తది వేస్త" అన్నాను.

"తెగిందా?" ఆత్మారాం భూతద్దం తీశాడు. దుకాణంలో ఆధార్ కార్డుల మీది అక్షరాలు చదివే అద్దమది. "ఇది తెగలే గులాం భాయ్. తెంపిండ్రు! దీని వెనక ఒక భయంకరమైన కుట్ర ఉన్నది!"

రాధాబాయి గారు గుండె మీద చెయ్యేసుకున్నారు. పన్నెండున్నరకు ముహూర్తం. పదకొండుకు పెళ్లికూతురి అమ్మమ్మ వస్తుంది. ఆమె నాలుగడుగులు నడిస్తే గొప్ప.

"నిన్న ఈ బండిని ఎవలు ముట్టిండ్రు?" అన్నాడు ఆత్మారాం.

"నేనే సార్. దినాం నేనే ముడ్త" అన్నాడు వెంకటి.

"అమ్మగారికీ నీకూ లొల్లి ఏమన్న అయిందా?"

"లొల్లేం లేదు సార్. ఇయ్యాల మా మన్మరాలిని తొట్టెలల వేస్తుండ్రు. సెలవు అడిగిన. పెండ్లి ఉన్నది, ఇయ్యనన్నరు. సరే అన్న."

"సరే అన్నవా!" ఆత్మారాం ఎగిరి గంతేశాడు. "నేరస్తుడు ఎప్పుడు గట్లనే సరే అంటడు! బండి ఆగితె సెలవే గద? కారణం దొరికింది. నీ సామాన్ల డబ్బాల కటింగ్ ప్లేయర్ ఉన్నదా?"

"ఉన్నది సార్."

"ఆయుధం గూడ దొరికింది!"

"నా తాన నాలుగున్నయి. నన్ను గూడ జైలుకు పట్టుకపో" అన్నాను.

"నీ మీద గూడ ఒక కన్నేసే ఉంచిన భాయ్."

నవ్వులాట అనుకున్నాను. కాని రాధాబాయి గారి మొహం చూస్తే నవ్వు ఆగిపోయింది.

"తిన్నింటి వాసాలు లెక్కపెడ్తవా వెంకటీ? ఒక్క దినం సెలవు ఇయ్యకుంటె గింత పని చేస్తవా? రేపటి నుంచి రాకు."

"అమ్మా, నా మన్మరాలి మీద ఒట్టు. నేను తెంపలే. ఈ మోకాళ్లతోని నాకింక ఎవలు పనిస్తరమ్మా?" వెంకటి రెండు చేతులూ జోడించాడు. నాకు ఒళ్లు మండింది. ఆత్మారాం మాత్రం విజయగర్వంతో మీసం సవరించుకుంటున్నాడు.

తెగిన తీగ కొస ఆమె కళ్ల ముందు పెట్టాను. "చూడుండ్రమ్మా. కోస్తె పోగులన్ని ఒక్క తీరుగ తెగుతయి. ఇది తుప్పు పట్టి ఒక్కొక్క పోగే విరిగింది."

"తుప్పెట్ల పడ్తది? బండి వానల ఉంటదా? షెడ్డుల ఉంటది!" అన్నారామె.

తీగను వెలుతురుకు పెట్టి చూశాను. తీగ పొడవునా మెరుస్తోంది. ఆ కొస దగ్గరే జానెడు తుప్పు. ముప్పై ఏళ్ల సర్వీసులో అలాంటిది చూడలేదు.

"ద్రావకం!" అన్నాడు ఆత్మారాం, ఆకాశం వైపు వేలెత్తి. "కోస్తె దొరికిపోత అని ద్రావకం పోసిండు. ఎంతటి క్రూరుడు!"

వెంకటి బిక్కచచ్చిపోయాడు. ఆ ద్రావకమంటే ఏమిటో కూడా ఆయనకు తెలిసినట్టు లేదు.

గోల్ఫ్ బండి వైరు మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? ఆటోకు ఇంజను వెనక, హ్యాండిలు ముందర కాబట్టి దాని వైరు పొడుగ్గా ఉంటుంది. అలాంటిదొకటి వెంట తెచ్చాను. ముందు పాతదాన్ని పైతొడుగుతో సహా బయటికి లాగాలి. పెడలు వైపు విప్పాను, ఇంజను వైపు విప్పాను, లాగితే రాదు. సీటు కింద చెయ్యి మాత్రమే దూరే చీకటి సందులో దాన్నేదో పట్టుకుని ఉంది.

"పక్కకు జరుగు భాయ్, సాక్ష్యాలు చెడగొడుతున్నవు" అంటూ ఆత్మారాం వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరాడు. ఛాతీ దాకా పోయింది. పొట్ట పోలేదు.

"భాయ్! ఇరుక్కున్న. గుంజు!"

"ముందుగల నేరస్తుణ్ణి పట్టుకో. తర్వాత గుంజుత."

ఆయన చేతికేది దొరికితే దాన్ని పట్టుకుని గింజుకున్నాడు. దొరికింది ఓ దారం. అది పుటుక్కున తెగింది. నల్లటి గుత్తి ఒకటి తపతపా మొహం మీద పడింది. ఆయన రెండు చేతులతో కళ్లు తుడుచుకున్నాడు. తుడుచుకోకుండా ఉండాల్సింది.

"అమ్మో! నా కండ్లు! ద్రావకం! పోలీసులను పిలువుండ్రి! లేకుంటె నీళ్లన్న తెండ్రి!"

నేనో కాలు, వెంకటి ఓ కాలు పట్టి బయటికి ఈడ్చాం. ఆయన పిడికిట్లో నిమ్మకాయలు, మిరపకాయలు. ఒకటీ రెండూ కాదు, దారాల మీద దారాలు. కొన్ని ఎండి రాళ్లయ్యాయి, కొన్ని కుళ్లి రసం కారుతున్నాయి. తొడుగు పగిలిన చోట ఆ పులుపంతా లోపలికి దిగి, తీగను తినేసింది.

"తౌబా! దిష్టికి బండి ముందట కడ్తరు, అమాసకు పాతది తీసి కొత్తది కడ్తరు. ఈ బండి పొట్టల దాచింది ఎవలు?" అన్నాను.

రాధాబాయి గారు కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"నేనే కట్టిన" అన్నారు చివరికి. "ముందట కడ్తె ఫొటోలు ఖరాబైతున్నయని పెండ్లోళ్లు తెంపి పారేస్తుండ్రు. అందుకే సీటెత్తి, ఎవలకు కనబడకుంట లోపట ఆ వైరుకు కట్టిన. అమాస అమాసకు."

"మరి పాతయి తియ్యలేదా అమ్మా?"

"గట్టిగ ముడేసిన. కట్టుడు వచ్చింది, విప్పుడు రాలే."

వెంకటి తల వంచుకుని నేల చూస్తున్నాడు. ఆమె ఆయన దగ్గరికి వెళ్లారు. "నోటికెంత వస్తె అంత అన్న వెంకటీ. మనసుల పెట్టుకోకు. రేపటి నుంచి రాకు అంటి గద? రేపు ఒక్క దినం రాకు. మన్మరాలిని ఎత్తుకొని, ఈ అవ్వ పేరు చెప్పి ముద్దు పెట్టు. ఎల్లుండి పొద్దుగాల్నే రావాలె."

వెంకటి తువ్వాలతో కళ్లొత్తుకున్నాడు. నాకూ కాస్త తడి తగిలింది. మిరపకాయల ఘాటే అయ్యుంటుంది.

"చూసిండ్రా?" అన్నాడు ఆత్మారాం, బకెట్లోంచి తలెత్తి. "ద్రావకమని ముందుగాల్నే చెప్పింది ఎవలు? కండ్లు తెరవకుంటనే కేసు ఛేదించిన!"

నిజమే, చెప్పాడు. నిమ్మ పులుపూ ఓ ద్రావకమే మరి. నా ఖర్మ, ఈ ముక్క ఇంకో పదేళ్లు వినాలి.

కొత్త వైరు పాతదాని దారినే పోనిచ్చి, పెడలు వదిలితే పూర్తిగా వెనక్కి వచ్చేలా నట్లు బిగించాను. పదకొండు గంటలకు పెళ్లికూతురి అమ్మమ్మ ఈరవ్వ ఆటో దిగింది. వెంకటి ఆమెను ఎత్తినంత పని చేసి వెనక సీట్లో కూర్చోబెట్టాడు. కళ్లు వాచి దారి కనబడని మా డిటెక్టివ్‌ను మండపం దగ్గరున్న నల్లా దాకా చేర్చాలని నేనే చెయ్యిపట్టి ఆమె పక్కన ఎక్కించాను. ఆయన చెంపల మీద కన్నీళ్లు ధారగా కారుతున్నాయి. నేను వెంకటి పక్కన ఎక్కగానే బండి మెత్తగా కదిలింది.

ఈరవ్వ ఆయన్ని ఎగాదిగా చూసి, కొంగుతో కళ్లు తుడిచింది. "అయ్యో, అప్పగింతలు కాకముందే గింత ఏడుస్తవేంది కొడుకా? మా పిల్లకు ఏమైతవు నువ్వు?"

వెంకటి స్టీరింగ్ వదలకుండా వెనక్కి తిరిగి నవ్వాడు.

"పిల్ల తరఫు కాదవ్వా. నా తరఫు. నా నౌకరి నిలబెట్టిండు."