చార్టులో లేని గడి

పిల్లలు వాళ్ళంతట వాళ్ళే పెరుగుతారనుకోవడం వట్టి మూఢనమ్మకం! వాళ్ళను పెంచేవి సలహాలు. తిండి పాత్ర అంతంతమాత్రమే.

నమ్మకం లేకపోతే మా ఇంటికి రండి. మా అమ్మాయికి ఇరవై నెలలు. అసలు పేరు వేరే ఉంది గానీ, బరువును బట్టి ఇంట్లో అందరూ 'పిచిక' అనే పిలుస్తారు. వంటింటి గోడకు దాని ఎదుగుదల చార్టు అంటించాను. ప్రతి ఆదివారం పొద్దున్నే టైలరు టేపు తీసి తల చుట్టూ, చేతి చుట్టూ కొలుస్తాను. చార్టు వంక చూసి, "తక్కువ" అని పెదవి విరిచి, నోటుబుక్కులో రాసుకుంటాను. తల్లీబిడ్డల అనుబంధమంటే ఇంతకన్నా ఏముంటుంది చెప్పండి?

పూర్వం పిల్లలకు జ్వరమొస్తేనే తల్లికి దిగులు. ఇప్పుడు నిక్షేపంలాంటి పిల్లను ఎదురుగా పెట్టుకుని కూడా దిగులుపడే సౌకర్యం వచ్చింది. ఇది అభివృద్ధి కాదూ?

సలహాలు ఒకదానికొకటి పొసగవని కొందరు గొణుగుతారు. వేళకు పెట్టమని ఒక నిపుణురాలు, ఆకలేస్తేనే పెట్టమని మరొకాయన. ఇబ్బందేముంది? నేను వేళకూ పెడతాను, ఆకలికీ పెడతాను. పిచిక రెండూ ఉమ్మేస్తుంది. ఇద్దరికీ సమన్యాయం!

ఇక ఫోనులో యాప్ ఉండనే ఉంది. ఈ వారం మీ పాప ఆరు దిమ్మలు పేర్చాలి అంది. పిచిక పేర్చలేదు. ఖాళీ గడి చూడలేక మావారిని పేర్చమన్నాను. ఐదో దిమ్మకే కూలిపోయింది. ఒంటికాలి మీద నిలబడే పరీక్షలోనూ ఆయన నాలుగేళ్ళ పిల్లల కన్నా వెనకే. ముప్పై ఆరేళ్ళుగా దాగిన లోపం యాప్ లేకపోతే బయటపడేదా?

అన్నింట్లోకీ నన్ను తినేస్తున్నది ఒక్కటే. పిచిక ఇంతవరకూ "అమ్మ" అనలేదు. ఏడాదికి నిండాల్సిన 'మొదటి మాట' గడి ఎనిమిది నెలలుగా ఖాళీ.

"కంగారెందుకే, నా కొడుకు రెండున్నరేళ్ళకు గానీ నోరు విప్పలేదు" అన్నారు మా అత్తగారు.

ఇప్పటికైనా విప్పారా అని నేను అడగలేదు. మర్యాద తెలిసిన కోడలిని.

పిల్లలతో ఎలా మాట్లాడాలో నేర్పే వీడియోలు రోజూ రెండు గంటలు చూశాను. మధ్యలో పిచిక వచ్చి చెయ్యి లాగితే, ఉండవే, నీ కోసమే చూస్తున్నానని పక్కన కూర్చోబెట్టేదాన్ని.

అయినా మాట రాలేదు. చివరికి నోటుబుక్కు, టేపు సంచిలో వేసుకుని పిల్లల డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ బుక్కంతా ఓపిగ్గా తిరగేసి మూసేశారు.

"ఇవన్నీ బాగానే ఉన్నాయి. పాపతో ఎప్పుడు ఆడుకుంటారమ్మా?"

బుక్కు మళ్ళీ తెరిచి వెతికాను. ఆ గడి లేదు.

ఈలోగా పిచిక సంచిలోంచి టేపు లాగింది. నా ఒళ్ళోకెక్కి నా తల చుట్టూ వేసింది. డాక్టరమ్మ గది గోడమీద కూడా ఉన్న చార్టు వంక ఒకసారి చూసి, అచ్చం నాలాగే పెదవి విరిచింది.

"తక్కువ" అంది.

ఎంత స్పష్టంగా అందనుకున్నారు, ఒత్తుతో సహా!

మాటకేం లోటు లేదని డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ రాసిచ్చారు. కొలత కూడా సరిగ్గానే తీసిందని నాకనిపించింది. ఇంటికొచ్చి 'మొదటి మాట' గడి నింపాను. టేపు మాత్రం వెనక్కి తీసుకోలేదు. ఫోను అల్మారాలో పడేసి, సాయంత్రం దాకా నేలమీద కూర్చుని కొలిపించుకున్నాను.

ఇంకా తక్కువేనట.