నీటి శాఖ టైం నేర్చుకున్న విధం

కుళాయిలు ఎండిపోవడానికి కారణం నీళ్ల కొరత కాదు, ఇంగ్లీషు కొరత అని నీటి శాఖ మంత్రిగారు ప్రకటించారు. ఇంత ధైర్యంగా నిజం చెప్పిన మంత్రిని నేనింతవరకు చూడలేదు. ఫిర్యాదులకు అధికారులు రాసే జవాబుల్లో కాలాన్ని చెప్పే మాటలన్నీ తప్పుల తడకలట. నీళ్లెప్పుడొస్తాయో మంచి ఇంగ్లీషులో చెబితే సగం దాహం అక్కడే తీరుతుందట. కాబట్టి శాఖ మొత్తానికి ఇంగ్లీషు క్లాసులు. మాస్టారుగా మంత్రిగారి బావమరిది ఒప్పుకున్నారు. ఎవరూ అడక్కముందే ఒప్పుకున్నారు. అదీ సంస్కారం.

అధికారులందరూ పట్టే గది శాఖకు ఒక్కటే ఉంది, మా వీధి చివర పంపు హౌస్. మధ్యలో మోటారు అడ్డం. ఇంజనీరుగారు క్షణం కూడా ఆలోచించలేదు. దాన్ని ఊడబీకించి, వాకిట్లో పడేయించి, టార్పాలిన్ కప్పించి, ఆ చోట బల్లలు వేయించారు. శాఖ చరిత్రలో ఒక పని అనుకున్న రోజే పూర్తి కావడం అదే మొదలు.

ఆ పక్కనే మా అక్క లాండ్రీ. అంతకుముందు సన్నటి ధారైనా వచ్చేది. ఇప్పుడు కుళాయి తిప్పితే ఈల వేస్తోంది. లాడ్జి దుప్పట్లు గుట్టగా పడున్నాయి. ఇంకొన్నాళ్లు చూసి వేరే చోట ఇచ్చుకుంటానని లాడ్జి మేనేజరు మొహం మీదే చెప్పాడు. లాడ్జి బేరం పోతే కొట్టు మూసుకోవడమే.

అక్క పోయి క్లాసు గుమ్మంలో నిలబడింది. ప్రజలే చదువు కోసం తరలి వచ్చారని మాస్టారు పొంగిపోయి, ముందు బల్ల మీద కూర్చోబెట్టారు. తోడుగా నేనూ కూర్చున్నాను.

“‘బై మండే’ అంటే సోమవారం లోపల పని అయిపోవాలి,” అన్నారు మాస్టారు.

అందరూ కలాలు కింద పెట్టేశారు. ఇంజనీరుగారు లేచారు.

“ఆ మాట సిలబస్‌లోంచి తీసేద్దామా సార్?”

“‘అంటిల్ మండే’ అంటే సోమవారం దాకా ఉన్న పరిస్థితే ఉంటుంది,” అంటూ మాస్టారు తర్వాతి మాటకు వెళ్లారు.

ఇది మన శాఖ మాటేనని అందరూ హాయిగా రాసుకున్నారు.

మోటారు మళ్లీ ఎప్పుడు పెడతారయ్యా అని అక్క అడిగింది. చక్కటి అభ్యాసం దొరికిందని మాస్టారు మురిసిపోయి, ఇంజనీరుగారిని లేపారు. ఆయన ‘సూన్’ అన్నారు. అది మరీ పాతబడిపోయిందని, ‘షార్ట్లీ’ అనమని మాస్టారు నేర్పారు. త్వరలోనే అని అర్థమట. తేదీ చెప్పక్కర్లేదు, అబద్ధమని ఎవడూ నిరూపించలేడు, వినడానికి గౌరవంగానూ ఉంటుంది. ఆ సాయంత్రం దాకా శాఖంతా కూర్చుని ఆ ఒక్క మాటే పలికింది. అక్క కూడా పలికింది.

పంపు హౌస్‌లోనే పెట్టిన ముగింపు సభకు మంత్రిగారు వచ్చారు. ఆ పొద్దున్నే లాడ్జి మేనేజరు తోపుడు బండి తెచ్చి, దుప్పట్లన్నీ ఎత్తుకుపోయాడు. అక్క తిన్నగా సభలోకి వచ్చి నిలబడింది.

“అయ్యా, నా కొట్టు పోయేట్టుంది. మోటారెప్పుడు పెట్టిస్తారు?”

మంత్రిగారు ఇంజనీరు వైపు చూశారు.

“షార్ట్లీ సార్.”

ఉచ్చారణకు మంత్రిగారు చలించిపోయారు. లేచి కరచాలనం చేశారు. గది చప్పట్లతో మోగిపోయింది. ఆ సందడిలో అక్క బయటకు నడిచింది. నేనూ వెనకే వచ్చాను. తలుపు లాగి, బయటి గడియ పెట్టేసింది.

కాసేపటికి కిటికీ ఊచల మధ్య మంత్రిగారి మొహం కనిపించింది. పాపం, చెమట పట్టింది.

“ఏమ్మా, తలుపెప్పుడు తీస్తావు?”

అక్క టార్పాలిన్ పక్కకు లాగి, మోటారు మీద కూర్చుంది.

“షార్ట్లీ సార్.”

లోపల్నుంచి మాస్టారి గొంతు వినిపించింది.

“ప్రయోగం కరెక్టే సార్.”

అలవాటు కొద్దీ ఎవరో చప్పట్లు కొట్టారు.