పగడాల గృహప్రవేశం

నాచారంలోని ఆ మూడవ అంతస్తు ఫ్లాటులో ఆ ఆదివారం ఉదయం జరగవలసిన పని శ్రమతో కూడినదే గాని చిక్కుతో కూడినది కాదు. హాలు ఆగ్నేయపు మూల ఆరేళ్ళుగా ఉన్న ఉప్పునీటి తొట్టెలోని పగడాలను, రాళ్ళను, చేపలను ఈశాన్యపు మూల కొత్తగా అమర్చిన పెద్ద తొట్టెలోకి మార్చాలి. పాత తొట్టెలో పగడాలు పెరిగి ఒకదానినొకటి తాకుతున్నాయి. పగడాలు తాకడమంటే ఆప్యాయత కాదు. బలమైనది బలహీనమైనదాన్ని కాల్చి చంపుతుంది.

వాటిని పెంచింది సూర్యకళ. లెక్కల టీచరుగా పదవీ విరమణ చేసిన నాడు గోరంత ముక్కగా తెచ్చుకున్న పగడం ఇప్పుడు అరచేయంత అయింది. వారం వారం నీటిని పరీక్షించేది ఆమె. వచ్చినవారికి ఆ నీటిని గురించి ఉపన్యసించేది ఆమె భర్త జనార్ధనరావు. ఆయన ఒక ప్రభుత్వ పరిశోధనశాలలో ఉద్యోగజీవితమంతా ఉప్పునీటిలో రాగి ఎలా కరుగుతుందన్న విషయాన్ని శోధించారు. ఆయన పదవీ విరమణ చేశారు. రాగి ఇంకా కరుగుతూనే ఉంది.

సూర్యకళ పథకం స్పష్టమైనది. పాత తొట్టె నీటిని నీలం డ్రమ్ముల్లోకి తోడి భద్రపరచాలి. ప్రాణులను అదే నీటితో నింపిన టబ్బుల్లో కాసేపు ఉంచి, నెలరోజులుగా సిద్ధం చేసిన కొత్త నీటిలోకి నెమ్మదిగా అలవాటు చేయాలి. ఏదైనా తేడా వస్తే డ్రమ్ముల్లోని పాత నీరే దిక్కు. ఉప్పల్‌లో చేపల దుకాణం నడిపే నరేన్ మరికొంత ఉప్పునీరు తెచ్చి సాయం చేస్తానన్నాడు. ఇందుకు కావలసింది ఇద్దరు మనుషులు, కొంత నిశ్శబ్దం.

ఈ వార్త ఉప్పల్‌లోనే ఉంటున్న ఆమె అన్నగారు వెంకటరామయ్యకు చేరింది. రైల్వేలో రిటైరైన నాటినుండి ఆయన ఇతరుల ఇళ్ళ వాస్తు బాధ్యతను స్వచ్ఛందంగా స్వీకరించారు.

"నీటిస్థానం ఈశాన్యానికి మారుతోందంటే మాటలా బావగారూ? ముహూర్తం లేకుండా ఎలా?" అంటూ వచ్చారాయన.

"చేపలకి ముహూర్తమేంటి అన్నయ్యా?" అంది సూర్యకళ.

"చేపలకి కాదమ్మా, ఇంటికి!"

"నాకు వీటి మీద నమ్మకం లేదనుకోండి," అన్నారు జనార్ధనరావు, "కానీ చేస్తే నష్టమేముంది?"

చదువుకున్నవారు తమ అజ్ఞానానికి తొడిగే ఇస్త్రీ చొక్కా ఈ వాక్యమే. ఆయన అక్కడితో ఆగక, తన మాజీ డైరెక్టరు సుబ్రహ్మణ్యంగారిని కూడా భోజనానికి పిలిచారు.

ఆదివారం సూర్యకళ ప్రాణులన్నిటినీ టబ్బుల్లోకి చేర్చి, స్నానాలగది తలుపు వేసుకుని, నీటిలోకి గాలి కొట్టే మోటారు బిగిస్తూ ఉండగా వెంకటరామయ్య, భార్య కనకమహాలక్ష్మితో దిగారు. కొత్త నీరు కనిపిస్తే గంగపూజ చేయకుండా ఉండే వంశం కాదు వారిది. కొత్త తొట్టెలో పసుపు పడింది. కుంకుమ పడింది. ఆ పైన కలశం ఉంచవలసి వచ్చింది.

"బావగారూ, మీ చెయ్యి పొడుగు. దీన్ని అడుగున నిలబెట్టండి," అన్నారు వెంకటరామయ్య.

జనార్ధనరావు చొక్కా చేయి మడిచి, నిగనిగలాడుతున్న రాగి చెంబును ఉప్పునీటిలో నిటారుగా నిలబెట్టారు. ఎంత నిటారుగా ఉందో వెనక్కి జరిగి చూసుకున్నారు కూడా.

ఈలోగా కనకమహాలక్ష్మి వంటింటి బాల్కనీలో నీలం డ్రమ్ములను చూసింది. వేలు ముంచి రుచి చూసింది.

"ఉప్పునీళ్ళు! దిష్టి పోవడానికి ఇల్లు తుడవాలని ముందే కలిపి పెట్టుకుంది. మా ఆడపడుచుకి ఎంత ముందుచూపో!" అని మురిసిపోయి, ఆ నీటితో హాలు తుడిచింది, వరండా కడిగింది, మెట్ల మీద కుమ్మరించింది. కింది అంతస్తు వెంకటనర్సమ్మ పైకి వచ్చింది.

"ఏందక్కా, గిన్ని ఉప్పునీళ్ళు? మా ఇంటి మీద గూడ మస్తు దిష్టున్నది. జర ఓ బకెట్ ఇయ్యరాదు?"

"బకెట్టేమిటి, రెండు తీసుకెళ్ళమ్మా! శుభమా అని అడిగావు."

ముహూర్తం సమీపించింది. సూర్యకళ అరచేయంత పగడమున్న గిన్నెను రెండు చేతులా పట్టుకుని హాలులోకి వచ్చింది. పసుపుపచ్చని నీటిని చూసింది. దాని అడుగున మెరుస్తున్నదాన్ని చూసింది. ఆమె కేకలు వేయలేదు. ముప్పై ఏళ్ళు తరగతి నడిపిన మనిషి.

"ఏమండీ, మీ థీసిస్ దేని మీద?"

"ఇప్పుడదెందుకు?"

"చెప్పండి. అన్నయ్య కూడా వింటాడు."

"ఉప్పునీటిలో రాగి క్షయం..." ఆ ఐదవ అక్షరం దగ్గరో ఆరవ అక్షరం దగ్గరో జనార్ధనరావుగారి గొంతు సన్నబడింది.

"కరిగిన రాగి వల్ల పగడం ఏమవుతుంది?"

"చ... చస్తుంది. కానీ ఒక్క పూటకి..."

"తియ్యండి దాన్ని."

"అమ్మో! కలశం కదపకూడదు," అన్నారు వెంకటరామయ్య. "ఉద్వాసన సాయంత్రమే!"

"తీసినా ఇక అందులో వెయ్యను. వీటిని పాత నీళ్ళలోకే చేరుస్తాను," అంటూ సూర్యకళ బాల్కనీలోకి నడిచింది. డ్రమ్ములు ఖాళీగా ఉన్నాయి. ఒకదాని అడుగున మాత్రం మోకాలెత్తు నీరు మిగిలింది.

"ఇల్లంతా అద్దంలా చేశాను చూడు సూర్యకళా!" అంది కనకమహాలక్ష్మి, చెంగు నడుమున దోపుకుంటూ.

సూర్యకళ వదినగారి చేతిలోని బకెట్ అందుకుంది. మిగిలిన నీటిని, టబ్బుల్లోని నీటిని కలిపితే పాత తొట్టె సగం నిండింది. పగడాలను అడుగున వరుసగా పేర్చింది. చేపలు ఆ మోకాలెత్తు సముద్రంలో ఒకదాని వెనుక ఒకటి బిక్కుబిక్కుమంటూ తిరిగాయి. పెద్ద పగడం ముడుచుకుపోయి పిడికిలంత అయింది. నరేన్‌కు ఫోన్ చేస్తే, "రింగ్ రోడ్ కాడ ఇర్కినమ్మా, ట్రాఫిక్ కదుల్తలేదు!" అన్నాడు. అతను నీళ్ళ క్యాన్లతో చేరేసరికి భోజనాల వేళ అయింది.

"అమ్మా, నీళ్ళు తెచ్చిన," అని లోపలికొచ్చి, ఈశాన్యం వైపు చూసి ఆగిపోయాడు. "గా పచ్చ ట్యాంకు ఎవరిది? మనం పెట్టింది యాడికి పోయింది?"

సరిగ్గా అప్పుడే సుబ్రహ్మణ్యంగారు వచ్చారు. పసుపు తొట్టెనూ, సగం నిండిన తొట్టెనూ మార్చి మార్చి చూశారు.

"ఏమిటయ్యా ఇది, జనార్ధన్?"

సూర్యకళ క్యాను వంచుతూ ఆగింది. వెంకటరామయ్య గోడ వైపు తిరిగారు.

"పోలిక చూపించే ప్రయోగం సర్," అన్నారు జనార్ధనరావు. "ఒకదాంట్లో రాగి ఉంది, ప్రాణి లేదు. రెండోదాంట్లో ప్రాణి ఉంది, రాగి లేదు. గృహస్థులు తెలియక రాగి చెంబు ముంచుతుంటారు సర్. వాళ్ళకి అవగాహన కలిగించాలని..."

"భేష్! ఇది పదిమందికీ చెప్పాల్సిన విషయం. మన రిటైర్డ్ సైంటిస్టుల సంఘంలో ఉపన్యాసం ఇవ్వు. కుటుంబంతో రా!"

నింపుకోవలసిన నీరు ఇంకా చాలా ఉన్నందున సూర్యకళ మళ్ళీ క్యాను వంచింది. రాత్రికి తొట్టె నిండింది. కొన్నాళ్ళకు పెద్ద పగడం విచ్చుకుంది. విచ్చుకున్నంత మేర మళ్ళీ పక్కదాన్ని తాకసాగింది.

ఉపన్యాసానికి జనార్ధనరావు పట్టు పంచె కట్టుకున్నారు. చెంబు సమకూర్చినందుకు వెంకటరామయ్యగారికి ముందు వరుసలో కుర్చీ వేశారు. కనకమహాలక్ష్మి సరేసరి. సూర్యకళకు మాత్రం ఆ ఉదయం తల నొప్పిగా ఉందట. కారు మలుపు తిరగగానే ఆమె నరేన్‌కు ఫోన్ చేసింది.

"పొయ్యిన్రా అమ్మా అందరు?"

"పోయారు. రాగి తగలని మరో పెద్ద తొట్టె తీసుకురా. నీళ్ళు కూడా."

పని నిశ్శబ్దంగా, ఆగ్నేయంలోనే, మధ్యాహ్నానికి ముగిసింది. పగడాల మధ్య జానెడు జానెడు ఎడం వచ్చింది. ఒక్క చేప అయినా బెదరలేదు.

సభ దిగ్విజయంగా జరిగిందని జనార్ధనరావు సాయంత్రం వచ్చి చెప్పారు. తొట్టె మారిన సంగతిని, ఆ తరువాతి వారం ఒక అతిథికి దాన్ని గురించి వివరిస్తూ ఉండగా, ఇదివరకు చూసినదానికన్నా ఇది పెద్దదని ఆ అతిథి చెబితే తెలుసుకున్నారు.