అమలమ్మ వామకర్ణ విజయం

వినండి! వినబడేవారు చెవులారా వినండి. వినబడనివారు చెప్పేవాళ్ళ పెదవులకేసి చూస్తూ తలూపండి. లోకవ్యవహారం సగం అలాగే నడుస్తున్నది.

కృష్ణవేణీ జలకణ శీతలమని ఎంత పేరుపడ్డా రోహిణికార్తె ప్రతాపానికి పెనంలా కాలుతున్న విజయవాటికా మహానగరంలో, పందొమ్మిదివందల డెబ్బైనాలుగు మే మాసాన, సూర్యభగవానుడు నడినెత్తి కెక్కుతున్న వేళ, గవర్నరుపేటలో చెవి ముక్కు గొంతు వైద్యశిఖామణి పాండురంగయ్యగారి గదిలో, గుణదల వాస్తవ్యురాలు, జపమాలాధారిణి, ఏకపుత్రికా జనని, అరవైయేళ్ళ అమలమ్మ రెండు కొమ్ముల జానెడు ఇనుపకడ్డీతో సాగించిన మహాసంగ్రామం ఇది.

ఈ రణానికి మూలం ఒక రైలు కిటికీ. రెండేళ్ళ కిందట ఆమె కూతురు తెరేసమ్మ సిస్టరై, మధ్యప్రదేశ్ అడవుల అంచున ఉన్న మఠం ఆసుపత్రికి వెళ్తూ, బెజవాడ స్టేషన్లో కిటికీ కమ్మీలు పట్టుకుని ఏదో అన్నది. కిటికీ అమలమ్మకు ఎడమవైపున ఉన్నది. ఎడమ చెవి అప్పటికే కోటతలుపులు మూసుకున్నది. ఓ మోస్తరుగా పనిచేసే కుడి చెవి నిండా ఇంజను కూత. రైలు కదిలింది. అమలమ్మ పరుగులాంటి నడకతో వెంటపడి, "అలాగే తల్లీ, అలాగే" అని తలూపింది.

దేనికి అలాగే అన్నదో ఆమెకే తెలియదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి ఉత్తరంలోనూ "ఆవేళ నాకిచ్చిన మాట నిలబెట్టుకుంటున్నావుగా అమ్మా?" అని ఉండేది. అడగటానికి మొహం చెల్లక "నిలబెట్టుకుంటున్నాను" అని జవాబు రాసేది. ఇక నాకోసం ఎదురుచూడొద్దు అన్నదా? నేను పోతే అక్కడే మట్టి చేయనివ్వండి అన్నదా? బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఒకటి, బట్టలు ఆరేస్తూ ఒకటి, రెండేళ్ళలో ఆ తల్లి ఊహించుకోని ఘోరం లేదు.

పక్కనే నిలబడి విన్న మనిషి ఒకడున్నాడు. ఆమె భర్త శౌరయ్య. రైల్వే గార్డుగా ముప్పైయేళ్ళు పచ్చజెండా ఊపినవాడు, నిరంతర ధూమపాన ధురంధరుడు, దగ్గులో మేఘగర్జనా సమానుడు.

"పిల్ల ఏమందండీ?" అని అడిగిందా, ఆయనది ఒకటే మాట.

"విన్నావు, తలూపావు. మళ్ళీ నన్నడుగుతావేం? నీకు చెవుడూ లేదు గివుడూ లేదు. చుట్టకి నిప్పు తెమ్మంటేనే పుట్టుకొచ్చుద్ది ఆ చెవుడు."

ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు తెరేసమ్మ వస్తుంది. వచ్చినది మళ్ళీ రైలెక్కుతుంది. ఈసారైనా ఆఖరిమాట చెవిన పడాలి. అందుకే, శౌరయ్యను వెంటబెట్టుకుని, ఈ దండయాత్ర.

చెవిని పరీక్షించే యంత్రరాజం ఆ గదిలో గాజుబీరువా పక్కన ఠీవిగా ఉన్నది. కాని సమయానికి కరెంటు పోయింది. పాండురంగయ్యగారు చెమట తుడుచుకుని, సొరుగులోంచి ఇనుపకడ్డీని తీశారు.

"దీనికి కరెంటక్కర్లేదు లెండి. అమ్మా, లోపలున్న చిన్న ఎముక బిగుసుకుపోయి ఉంటే ఆపరేషన్ చేస్తాను, వినబడుద్ది. నరమే చచ్చిపోయుంటే మాత్రం ఎవరూ ఏం చెయ్యలేరు. ఏదన్నదీ ఇదే చెప్పాలి."

మోకాటికేసి కొట్టగానే కడ్డీ ఝుమ్మన్నది. ముందు దాని కాడను ఎడమ చెవి వెనక ఎముకకు ఆనించారు, తర్వాత కొమ్ములను చెవి ముందు పట్టుకున్నారు. "ఎక్కడ గట్టిగా ఉంది?"

"వెనకాలేనండి."

"ఊఁ. ఇదొక్కటే చాలదు. చచ్చిన చెవి వెనక పెట్టినా అవతలి చెవి విని దొంగసాక్ష్యం చెప్పొచ్చు. ఇప్పుడు నుదుటి మీద పెడతాను. ఎటు వినిపిస్తే అటు వేలు చూపించండి. ఆలోచించొద్దు."

ఆలోచించవద్దన్నది ఎవరితో! పొయ్యి మీద పాలు పెట్టి వచ్చానేమోనని చర్చిలో పూజ సగంలో లేచి ఇంటికి పరిగెత్తే అమలమ్మతో!

లలాటమధ్యంలో కడ్డీ నిలిచింది. ఆ నాదం తుమ్మెదలదండులా బయలుదేరి, కపాలదుర్గమంతా కలియదిరిగి, తలుపులు తెరిచి ఉన్న కుడివైపు కన్నెత్తి చూడకుండా, ఏళ్ళ తరబడి నిశ్శబ్దం కాపురమున్న ఎడమ చెవిలోకి సపరివారంగా ప్రవేశించి, గుడి గంటలా మోగింది.

అమలమ్మ నిర్ఘాంతపోయింది. ఆమె అంతరంగం గర్జించింది:

"ఓరీ వామకర్ణాధమా! కన్నకూతురి కంఠానికి తలుపులు బిగించి, నేడొక ఇనుపముక్క కూస్తే తోరణాలు కట్టి ఎదురేగుతావా? నీ మూలాన నేను మోసిన నిందలు నీకు తెలియవా? ఈ పురుషపుంగవుని ఎదుట నీవైపు వేలు చూపితే, నా శేషజీవితమంతా 'నే చెప్పలా' అనే శంఖారావంతో మారుమోగదా? పైగా చెవిటిచెవికి వినబడిందంటే ఈ డాక్టరుగారు నన్ను పిచ్చిదనుకోరా?"

ఆమె వేలు కుడిచెవి వైపు తిరిగింది.

పాండురంగయ్యగారి మొహంలో కళ తప్పింది. కలం మూత తీశారు. "ప్చ్. అయితే నరమేనమ్మా."

ఆ కలం కాగితం మీద వాలేలోపున అమలమ్మకు కిటికీ కమ్మీలు కనిపించాయి. వాటి వెనక తెల్ల ముసుగు, కదిలే పెదవులు. పరువు ఒకవైపు, పెదవులు ఒకవైపు. నలభైయేళ్ళ దాంపత్యంలో ఏ వాదంలోనూ వెన్నుచూపని ఆ వీరనారి, ఆయుధం కింద పెట్టింది.

"ఆగండి డాక్టరుగారూ. అబద్ధం చెప్పా. మళ్ళీ పెట్టండి."

కడ్డీ మళ్ళీ మోగింది. వంటింటి మసితో నల్లబడ్డ ఆ చూపుడువేలు లేచి, ఎడమచెవి వైపు నిలిచింది.

"చూశారా!" శౌరయ్య కుర్చీలోంచి లేచాడు. "నే చెప్పలా! ఆ చెవే వినపడదని రెండేళ్ళ నుంచి నన్ను చంపుకు తింటంది. ఇప్పుడేమో దాన్లోనే ఘనంగా వినపడతందంట! అంతా నాటకవండీ!"

డాక్టరుగారు కడ్డీతో ఆయనవైపు తిరిగారు. "శౌరయ్యగారూ, ఇటు రండి. ఎడం చెవిలో వేలు పెట్టుకోండి. గట్టిగా." కడ్డీని మోగించి ఆయన నుదుటి మీద పెట్టారు. "ఎటు వినబడుతోంది?"

శౌరయ్య కనుగుడ్లు ఎడమకు తిరిగాయి.

"మూసుకున్న చెవిలోనేనండి."

"మరి మీరూ నాటకమాడుతున్నారా? దారి మూసుకుపోయిన చెవిలోనే ఇది గట్టిగా మోగుద్ది. ఆమెకు నరం నిక్షేపంగా ఉంది. ఎముకే బిగుసుకుంది. జూలైలో ఆపరేషన్ చేద్దాం. తప్పకుండా వస్తుందని ఒట్టేయలేను గానీ, ఆశ ఉంది."

చెవిలో వేలు తీయటం మర్చిపోయి అలాగే నిలబడ్డ భర్తకేసి అమలమ్మ తిరిగింది. గొంతు పెంచలేదు.

"వేలు తియ్యండి. ఇప్పుడు చెప్పండి. నాకు నిజంగానే వినపళ్ళేదని డాక్టరుగారే అన్నారు. ఆవేళ పిల్ల ఏమంది?"

శౌరయ్య పైకప్పు చూశాడు, ఆగిపోయిన ఫ్యాను చూశాడు. చొక్కా జేబును అరచేత్తో మూసుకున్నాడు.

"ఏముందిలే. అదీ... నాన్నచేత చుట్ట మాన్పించమ్మా అంది."

రెండేళ్ళుగా ఆ తల్లి గుండెల్లో బారులుతీరిన ఎదురుచూడొద్దులూ, సమాధులూ, శాశ్వతవియోగాలూ ఒక్కసారిగా చెల్లాచెదురై పారిపోయాయి. అమలమ్మకు ముందు నవ్వు వచ్చింది, నవ్వులోనే ఏడుపొచ్చింది, కొంగుతో రెండూ తుడుచుకున్నది.

"అందుకా ఇన్నాళ్ళూ నాకు చెవుడు లేదన్నారు!" అని చెయ్యి చాపింది.

పాండురంగయ్యగారు ఎంతో శ్రద్ధగా ఇనుపకడ్డీని తుడుస్తూ గోడవైపు తిరిగారు.

ఆ విధంగా, జనులారా, ఇనుపకడ్డీ నాదం సాక్షిగా, మహావీర శౌరయ్య తన సర్వస్వాన్నీ శత్రుపాదాక్రాంతం చేశాడు. అమలమ్మ ఆ విజయధనాన్ని చేతిరుమాల్లో మూటగట్టి, జాకెట్లో దోపుకుని, ఎడమచెవి మీద కొంగు సర్దుకుని, వీధిలో రిక్షా పిలిచింది. సాధించిన సామ్రాజ్యం ఆసాంతం ఇదీ: ఒకటిన్నర చుట్ట.