రిఫరీ తిన్న కందనకాయలు

లుంబాసి మంచివాడని ఊళ్ళో అందరూ అంటారు. షిములి ఒక్కడే అనడు. లుంబాసి పేరెత్తితే చాలు, నోట్లో ఉన్న టీ పక్కకు ఊసి "వాడా" అంటాడు. అంతకు మించి మాట్లాడడు. లుంబాసి మా గిత్తల పోరు కమిటీకి అధ్యక్షుడు. అందరితో నవ్వుతూ మాట్లాడతాడు, ఎవరేమడిగినా ఇస్తానంటాడు. తీరా ఇవ్వాల్సి వచ్చినప్పుడు పక్కవాడి చేతిలోది తీసి ఇస్తాడు. మంచివాళ్ళలో సగం మంది ఇంతే.

పోరు మైదానం పక్కనే, వాగు గట్టున షిములికి కాస్త చేను ఉండేది. అందులో చిలగడదుంప వేశాడు. శనివారం వచ్చిందంటే తెల్లవారకముందే జనం డప్పులు కొట్టుకుంటూ పోరుకు బయలుదేరేవారు. చుట్టూ తిరిగి రావడానికి బద్ధకించి ఆ చేనుకు అడ్డంపడి పరుగెత్తేవారు. తీగలు నలిగి నలిగి చేను నడుమ కాలిబాట పడిపోయింది. షిములి కంచె వేస్తే పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. తిడితే ఆ తిట్లతోనే పాట కట్టారు. దానికి డప్పు కూడా బాగా కుదిరింది.

చివరికి షిములి లుంబాసి ఇంటికి వెళ్ళి మొర పెట్టుకున్నాడు.

"దానికేముంది తమ్ముడూ, దారి మూయించేద్దాం. కమిటీ పేరు మీద ముళ్ళకంచె వేయించి బోర్డు పెట్టిస్తా. నువ్వు మాకో చిన్న సాయం చెయ్యి. ఈ శనివారం రిఫరీగా నిలబడు" అన్నాడు లుంబాసి.

"పాత రిఫరీ ఏమయ్యాడు?"

"అత్తారింటికి వెళ్ళాడు."

"ఎప్పుడొస్తాడు?"

"జనం కోపం తగ్గాక."

షిములి తల గోక్కున్నాడు. ముళ్ళకంచె కళ్ళ ముందు మెదిలింది. కంచె వెనక తన చేను, ఎవరి అడుగూ పడని ఆకుపచ్చటి తీగలు. సరేనన్నాడు.

శనివారం పొద్దున అతని పథకం చాలా చిన్నది. టీ తాగాలి, మైదానానికి వెళ్ళాలి, తీర్పు చెప్పాలి, ఇంటికొచ్చి కంచెకు కర్రలు నరకాలి. తీర్పు కూడా కష్టమేం కాదు. రెండు గిత్తలు కొమ్ములు కలుపుతాయి. ఏది ముందు వెనుదిరిగి పరుగెడితే అది ఓడినట్టు. రిఫరీ గెలిచినవాళ్ళ వైపు బెత్తం చాపాలి. అంతే. బడికి వెళ్ళని వాడికి కూడా తెలిసే రూలు, బడికి వెళ్ళినవాడు కూడా కాదనలేని రూలు.

ఆ రోజు పోరు ఇంబుయే గిత్తకీ లువాయి గిత్తకీ. ఇంబుయే గిత్త పేరు గవర్నర్. లువాయి గిత్త పేరు టింగటింగా, అంటే మావైపు ట్రాక్టరు. ఇంబుయే షిములి భార్య మిదేవాకు సొంత అన్న. లువాయి షిములికి మేనమామ కొడుకు. ఆ లెక్కలు చూసుకుంటూ పోతే మా ఊళ్ళో ఎవరికీ ఎవరూ రిఫరీ కాలేరు గనక ఎవరూ చూడరు.

"మా అన్నయ్య ఇంటి వైపు మాత్రం వెళ్ళకు. ఎవడైనా చూస్తే మాటొస్తుంది" అంది మిదేవా, టీ గ్లాసు అందిస్తూ.

"నాకు తెలీదా?" అన్నాడు షిములి.

వాగు దారిన బయలుదేరాడు. సగం దూరం వెళ్ళేసరికి వాన అందుకుంది. వాగు దారి బురదైపోయి చెప్పు ఊడిపోయింది. ఊడిన చెప్పు చేత్తో పట్టుకుని పైదారి ఎక్కాడు. పైదారి ఇంబుయే ఇంటి ముందు నుంచే పోతుంది.

ఇంబుయే భార్య ఖవేరే అరుగు మీద నుంచి చూసింది. "అన్నయ్యా, తడిసి ముద్దయ్యావు, లోపలికి రా. పోరు రోజు మా గడప ముందు నుంచి ఒట్టి కడుపుతో పోతే గిత్తకు మంచిదా?"

వెళ్ళొద్దన్నది మిదేవాయే అయినా, పుట్టింటివాళ్ళు పిలిస్తే కాదన్నాడని తెలిస్తే ఊరుకోదు. షిములి లోపలికి వెళ్ళాడు. వాన మబ్బుకు ఇల్లంతా చీకటిగా ఉంది. చేతికి తగిలిన పీట మీద కూర్చున్నాడు. ఎదురుగా పళ్ళెం ఉంది, అందులో మొక్కజొన్న పిండితో వండిన ఉగాలి ముద్ద, కోడికూర. తల వంచుకుని గబగబా తినడం మొదలుపెట్టాడు. ఏదో గట్టిగా పంటికింద కరకరలాడింది. బాగుందనుకుంటూ ఇంకా నమిలాడు.

కొట్టంలో గవర్నర్‌ను కడిగి ఇంబుయే లోపలికొచ్చి గుమ్మంలోనే ఆగిపోయాడు. షిములి కూర్చున్నది అతని పీట. తింటున్నది అతని పళ్ళెం. నములుతున్నది కందనకాయ.

మా దగ్గర కోడి కోస్తే కందనకాయ ఇంటి యజమానిది. అది ఇంకొకడి పళ్ళెంలో పడిందని కాపురాలు విడిపోయిన ఇళ్ళున్నాయి. యజమాని తన చేత్తో అతిథికి పెడితే అంతకు మించిన మర్యాద లేదు. పెట్టకుండానే అతిథి తినేస్తే దానికి ఏం చెయ్యాలో పెద్దవాళ్ళు కూడా చెప్పలేదు.

షిములి నమలడం ఆపాడు. మింగలేడు, ఉమ్మలేడు.

ఇంబుయే పెద్దమనిషి. "మింగు బావా, మింగు. నీకే పెట్టమన్నా" అని పెద్దగా నవ్వాడు. ఆ నవ్వుకు ఖవేరే వంటింట్లోకి తప్పుకుంది.

ఆ మాట బయటికి వినిపించింది. గుమ్మం బయట అండాయి ఉన్నాడు. అండాయి బాడుగ మోటారు సైకిలు నడుపుతాడు, వానకు ఆ చూరు కింద ఆగాడు. గట్టి టింగటింగా భక్తుడు. షిములి మింగేలోగా అతని బండి చప్పుడు వినిపించింది.

నాలుగు రోడ్ల దగ్గర టింగటింగా జనం చేతుల్లో ఆకుకొమ్మలతో అడ్డం నిలబడి ఉన్నారు. లువాయి ముందున్నాడు.

"తిన్నావా లేదా?" అన్నాడు లువాయి.

"తెలీక తిన్నా బావా."

"తెలీక తింటే అరగదా?"

"చీకట్లో కనబడలేదు."

"వాడి కందనకాయే కనబడనివాడికి మా గిత్త కాళ్ళేం కనబడతాయి?" అన్నాడు వెనకనుంచి అండాయి. జనం నవ్వారు, కానీ ఎవరూ దారివ్వలేదు.

షిములి బెత్తం లువాయి చేతిలో పెట్టబోయాడు. "నేను తప్పుకుంటా. ఇంకెవర్నైనా పెట్టుకోండి."

"ఇప్పుడు తప్పుకుంటే తిన్నది నిజమని ఒప్పుకున్నట్టే. పద, మా ఇంట్లోనూ తిను. సమం అయిపోతుంది."

అలా లువాయి ఇంట్లో కోడిని పట్టే కార్యక్రమం మొదలైంది. కోడి ఇంటి చుట్టూ, కొట్టం చుట్టూ, అండాయి బండి చుట్టూ తిరిగింది. చివరికి ఉడికి పళ్ళెంలోకి వచ్చేసరికి ఎండ కాసింది. లువాయి భార్య ముహోంజా పళ్ళెం నేలకు కొట్టినట్టు పెట్టింది.

"గుడ్లు పెట్టే కోడి. తీర్పు ఎలా చెప్తావో చూస్తా" అంది.

షిములి కందనకాయ ఒక్కటే తీసి నోట్లో వేసుకోబోయాడు. లువాయి చెయ్యి పట్టుకున్నాడు. "ఒట్టిది తింటే లంచం. ముద్దతో తింటే భోజనం. అంతా తినాలి."

అంతా తిన్నాడు. ఒక ముద్ద మీద ఇంకో ముద్ద. లేచేటప్పుడు ఇద్దరు పట్టుకోవలసి వచ్చింది.

మైదానం చేరేసరికి గవర్నర్ జనానికి అంతా తెలిసిపోయింది. వాళ్ళ బాధ వాళ్ళది.

"చివర తిన్నది వాళ్ళది. పొట్టలో పైనున్నది వాళ్ళ కందనకాయే" అన్నాడొకడు.

"మాది కొంచెం నమిలాడంట. వాళ్ళది నమలకుండా మింగాడంట" అన్నాడు ఇంకొకడు, అదేదో పెద్ద నేరమైనట్టు.

సర్ది చెబుతాడని అందరూ లుంబాసి వైపు చూశారు. లుంబాసి పుట్ట మీద కూర్చుని ముఖం తిప్పుకున్నాడు. "నేను ఇన్నాళ్ళుగా అధ్యక్షుణ్ణి. ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనైనా నాకు మెడ ముక్క తప్ప పెట్టారా? చెప్పండి" అన్నాడు.

డప్పులు మోగాయి. గిత్తలను వదిలారు. గవర్నర్, టింగటింగా తలలు వంచి ఢీకొన్న చప్పుడు వాగు అవతలికి వినిపించింది. బురద ఎగిరింది. కాసేపు ఇది నెట్టింది, కాసేపు అది నెట్టింది. జనం రెప్ప వేయకుండా చూస్తున్నారు. షిములి కూడా గొడవంతా మరిచిపోయి చూస్తున్నాడు. నిజంగా మంచి పోరు అది.

సరిగ్గా అప్పుడే పొట్టలో రెండు భోజనాలూ కలిశాయి. షిములికి మెలిపెట్టినట్టయింది. ఎడమ చెయ్యి పొట్ట మీద వేసుకుని వంగిపోయాడు. పడిపోకుండా కుడిచెయ్యి చాపాడు. కుడిచేతిలో బెత్తం ఉంది. అది గవర్నర్ జనం వైపు ఉంది.

"తీర్పు!" అని కేక వేశారు గవర్నర్ జనం. ఇంబుయేను భుజాల మీదకు ఎత్తి, పాట అందుకుని, ఊళ్ళోకి ఊరేగింపు బయలుదేరారు.

"కాదు, కాదు" అనబోయాడు షిములి. మాట రాలేదు. నొప్పి పక్క మారింది. బెత్తం ఎడమచేతిలోకి మార్చి, కుడిచెయ్యి పొట్ట మీద వేసుకున్నాడు. బెత్తం లువాయి వైపు తిరిగింది.

"మార్చాడు, తీర్పు మార్చాడు" అన్నాడు అండాయి. టింగటింగా జనం లువాయిని ఎత్తుకున్నారు. రెండో ఊరేగింపు రెండో దారిన బయలుదేరింది.

మైదానంలో మిగిలింది షిములి, పుట్ట మీద లుంబాసి, పక్కన కమిటీలో అందరికన్నా పెద్దవాడు ఇంగోసి, ఇంకా కొమ్ములు విడవని రెండు గిత్తలు. తీర్పు వచ్చిందని వాటికి ఎవరూ చెప్పలేదు. నెట్టుకుంటూ, నెట్టుకుంటూ గట్టు దాటి షిములి చేనులోకి దిగాయి.

రెండు ఊరేగింపులు రచ్చబండ దగ్గర ఎదురెదురుగా కలిశాయి. ఇద్దరు గెలిచారంటే ఒకరి గెలుపు దొంగదని అందరికీ అర్థమైంది. రిఫరీని పట్టుకుందామని అంతా వెనక్కి పరుగెత్తుకొచ్చారు. చూస్తే గిత్తలు ఇంకా పోరాడుతున్నాయి. జనం కోపం మరిచిపోయారు. చేను చుట్టూ, చేనులోనూ నిలబడి మళ్ళీ డప్పు అందుకున్నారు.

నొప్పికి కూలబడిన షిములి అప్పటికి లేచి కూర్చున్నాడు. ముందు తీగలు చూశాడు. తీగలు లేవు. పొట్ట నొప్పీ, రిఫరీ పనీ రెండూ మరిచిపోయి లేచాడు.

"నా దుంపలు! బయటికి నడవండి" అంటూ బెత్తంతో గవర్నర్ పిరుదు మీద ఒకటి, టింగటింగా పిరుదు మీద ఒకటి వేశాడు. గిత్తలు ఉలిక్కిపడి కొమ్ములు విడిపించుకున్నాయి. ఒకటి తూర్పుకు, ఒకటి పడమరకు పారిపోయాయి.

షిములి కళ్ళు మూసుకున్నాడు. పాత రిఫరీ అత్తారింటికి ఏ దారిన పోవాలా అని ఆలోచిస్తున్నాడు.

"రెండూ పారిపోయాయి" అన్నాడు లువాయి, నమ్మలేనట్టు.

"ముందు మాదాన్ని కొట్టాడు" అన్నాడు ఇంబుయే.

"మాదాన్ని గట్టిగా కొట్టాడు."

ఇంగోసి పుట్ట దిగి వచ్చాడు. "రెండిళ్ళలో తిన్నాడు, రెండు గిత్తల్నీ కొట్టాడు. ఒకరి వైపు మొగ్గనివాణ్ణి నా వయసులో ఇప్పుడే చూస్తున్నా. ఇంకేం కావాలర్రా మీకు?"

జనం ఒకళ్ళ ముఖాలొకళ్ళు చూసుకున్నారు. నిజమేననిపించింది. అండాయే ముందుకొచ్చి షిములిని భుజాల మీదకు ఎత్తుకున్నాడు. అతని తిట్లతో కట్టిన పాటే రెండు జట్లూ కలిసి పాడాయి. రెండు జట్లూ ఒక్క పాట పాడటం ఊరు పుట్టాక అదే మొదలు. పైనుంచి చూస్తూ షిములి కూడా కొంచెం నవ్వాడు.

"మరి పోరు తేలలేదుగా?" అన్నాడు లువాయి.

"ఆగిన చోటే మళ్ళీ మొదలవ్వాలి. పాత మైదానం నీ ఇంటి వైపు వాలుగా ఉందని ఇంబుయే ఎప్పుడూ ఏడుస్తాడు. ఈ చేను ఎవరి వైపూ కాదు. రిఫరీ నేల" అన్నాడు ఇంగోసి.

"ఇదే మేలు" అన్నాడు ఇంబుయే.

"ఇదే" అన్నాడు లువాయి.

"లుంబాసి అన్నా, మరి నా దారి సంగతి?" అన్నాడు షిములి భుజాల మీద నుంచి.

"మూయించేస్తా తమ్ముడూ. మాటంటే మాటే" అన్నాడు లుంబాసి నవ్వుతూ.

అన్నట్టే చేశాడు. మరుసటి శనివారానికి చేను చుట్టూ ముళ్ళకంచె వేయించాడు, కమిటీ బోర్డు పెట్టించాడు. షిములి చేనుకు అడ్డంపడి ఇప్పుడు ఒక్కడు కూడా నడవడు, అందరూ అక్కడే నిలబడి పోరు చూస్తారు. షిములికి పోయింది గట్టుతో కలిపి సరిగ్గా పావు ఎకరం.